గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ సరిగ్గా రావాలంటే కార్డు ఎలా రాయాలి

మహబూబ్‌నగర్ నుంచో నల్గొండ నుంచో ఆదివారం పొద్దున్నే కారేసుకుని గోల్కొండ నయా ఖిల్లా కోర్సుకో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌కో పోయి ఆడతారు బాగానే, కార్డు మాత్రం తిరిగొస్తూ దారిలో చాయ్ తాగుతూ గుర్తు చేసుకుని నింపుతారు. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) లెక్క చెడేది అక్కడే. హోల్ అయిపోగానే, తర్వాతి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరే అంకె వేసేయండి, నీళ్లలో పడ్డ బంతికి పెనాల్టీ కూడా కలిపి. మీ స్కోరు పక్కాయన, ఆయనది మీరు రాసి, చివర్లో సంతకాలు పెట్టుకోండి. "చాల్లే అన్నా, తీసెయ్" అని తోటి ఆటగాళ్లు వదిలేసిన చిన్న పట్ (బంతిని గుంటలోకి తోసే దెబ్బ) కూడా స్ట్రోకే, అంటే ఒక దెబ్బే, రాయాల్సిందే.

ఇప్పుడు తిరకాసు. హ్యాండిక్యాప్ లెక్కలో ఒక్కో హోల్‌కు ఒక హద్దుంది: పార్‌కు (ఆ హోల్‌కు పట్టాల్సిన దెబ్బల లెక్క) రెండు కలిపి, ఆ హోల్‌లో హ్యాండిక్యాప్ కింద మీకొచ్చే అదనపు స్ట్రోకులు కూడా కలపాలి. మీ కోర్స్ హ్యాండిక్యాప్, అంటే ఆ కోర్సులో మీకొచ్చే మొత్తం అదనపు స్ట్రోకులు, 20 అనుకోండి. 18 హోల్స్‌కు ఒకటి చొప్పున పోగా మిగిలిన రెండూ స్ట్రోక్ ఇండెక్స్ (అదనపు స్ట్రోకులు ఏ హోల్‌కు ముందివ్వాలో చెప్పే వరుస) 1, 2 హోల్స్‌కు పోతాయి. ఇండెక్స్ 7 ఉన్న పార్ 4లో పొదల్లో ఇరుక్కుని 10 కొట్టారా? లెక్కలోకి 7 మాత్రమే. ఇండెక్స్ 2 పార్ 4 అయితే 8.

అలా సరిచేశాక 95 వచ్చిందనుకుందాం. కార్డు మీద కోర్స్ రేటింగ్ (హ్యాండిక్యాప్ సున్నా ఉన్న ఆటగాడికి రావాల్సిన స్కోరు) 71.2, స్లోప్ (మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) 126 ఉంటే, 95లోంచి 71.2 తీసేసి, మిగిలిన 23.8ని 113తో గుణించి 126తో భాగించండి: 21.3. ఆ రౌండుకు మీ అంకె అదే. ఆ 113 మామూలు కష్టమున్న కోర్సు స్లోప్. ఏ టీ నుంచి ఆడారో రాయకపోతే ఈ లెక్కంతా దండగ, ఎందుకంటే టీ మారితే రేటింగూ స్లోపూ మారతాయి.

స్కోరు అదే రోజు హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో ఎక్కించండి. గాలీవానా వల్ల అందరికీ స్కోర్లు పెరిగితే సిస్టమ్ సర్దుబాటు చేస్తుంది, అది ఆ రోజు వచ్చిన స్కోర్లను బట్టే.

2020 నుంచి ప్రపంచమంతా ఒకటే పద్ధతి, చివరి 20 రౌండ్ల అంకెల్లో మంచివి 8 తీసి సగటు. చెత్త రౌండు దాచేవాడు టోర్నమెంట్‌లో చిత్తవుతాడు, మంచి రౌండు దాచేవాడు కప్పు కోసం దాస్తాడు, బ్యాగులు మోసే కేడీలకు ఇద్దరి సంగతీ తెలుసు.

కొత్తవాళ్లు 54 హోల్స్ స్కోరిస్తే చాలు, తొమ్మిదేసి ఆడినా సరే. అప్పటిదాకా హోల్‌కు హద్దు పార్ ప్లస్ 5.