పెళ్లిలో డ్రోన్, 4వ పాఠం: పడితే ఎక్కడ పడుతుంది?

మూడో పాఠంలో దిక్సూచి సరిచూసుకోవడం, జీపీఎస్ అందేదాకా ఆగడం నేర్చుకున్నాం. కోతలైపోయిన చేలో ఆ సాధన పూర్తిచేసినవాళ్లే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇక నుంచి కింద మనుషులుంటారు.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే: డ్రోన్ లేవకముందే, అది పడితే ఎక్కడ పడుతుందో నేల మీద చూపించగలగడం. ఫ్రేము, వెలుతురు, కెమెరా కదలిక తర్వాతైనా వస్తాయి. ఇది రాకుండా పెళ్లి ఆర్డరు ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మనం వాడే డ్రోన్లకు నాలుగు మోటార్లు. వాటిలో ఒక్కటి ఆగినా, ఒక్క రెక్క విరిగినా మామూలుగా గాల్లో నిలవదు. ఒరిగి, గిరగిరా తిరుగుతూ వచ్చేస్తుంది. అప్పుడు స్టిక్కులు ఎంత తిప్పినా లాభం లేదు. 30 మీటర్ల ఎత్తు నుంచి నేల చేరడానికి సుమారు రెండున్నర సెకన్లు. గాలి ఆపే బలాన్ని వదిలేసి లెక్కేస్తే, నేల తాకేటప్పటికి వేగం గంటకు 87 కిలోమీటర్లు. గాలి కొంత తగ్గిస్తుంది, నిజమే. అయినా ముప్పావు కిలో వస్తువు ఆ ఊపుతో పసిపిల్ల నెత్తి మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. రెండున్నర సెకన్లలో "జరగండి" అని అరిచే వ్యవధి కూడా ఉండదు.

పైగా అది నిలువునా పడదు. ముందుకు వెళ్తూ ఆగిపోతే ముందుకే పడుతుంది. ఎంత ముందుకో నోటిలెక్కతో తేలుతుంది: మీటర్లలో ఎత్తును 5తో భాగించి, వర్గమూలం తీస్తే పడటానికి పట్టే సెకన్లు వస్తాయి. 20 మీటర్లకు 2 సెకన్లు, 45 మీటర్లకు 3. దాన్ని సెకనుకు ఎన్ని మీటర్లు పోతోందో ఆ వేగంతో గుణించండి. 20 మీటర్ల ఎత్తులో సెకనుకు 10 మీటర్లు పోతుంటే, పడేది 20 మీటర్ల అవతల. సినిమా మోడ్‌లో వేగాన్ని 6కు తగ్గిస్తే 12 మీటర్ల అవతల. దీనికి గాలి కోసం నేను మరో పది మీటర్లు కలుపుతాను. ఇంటి ముంగిట ఆకు కదలకపోయినా కొబ్బరి మొవ్వుల పైకి వెళ్లేసరికి సాయంత్రం పైరగాలి బలంగా తోస్తుంది. పందిట్లో నిలబడి గాలిని అంచనా వేయకండి, మొవ్వుల వంక చూడండి.

కాబట్టి జనం వైపు నేరుగా దూసుకొచ్చే షాట్ మానెయ్యండి. జనానికి పక్కగా, సమాంతరంగా పోయే షాట్ తీయండి. మనుషులకు ఎంత దూరంలో ఉండాలంటే, కనీసం ఎంత ఎత్తులో ఉన్నామో అంత. నెత్తి మీద ఎప్పుడూ వద్దు.

మన గోదావరి డెల్టాలో దీనికి చక్కటి వీలుంది. రావులపాలెం దిగువన చాలా ఊళ్లలో ఊరేగింపు కాలువ గట్టు మీదే నడుస్తుంది. గట్టుకు ఒక పక్క ఇళ్లు, కరెంటు తీగలు. రెండో పక్క నీళ్లు. డ్రోన్‌ని నీళ్ల మీదుగా, ఊరేగింపుతో సమానంగా నడిపించండి. పడితే కాలువలో పడుతుంది, పోయేది మన డబ్బే. కాకపోతే ముందురోజు పగటిపూట ఆ గట్టు పొడుగునా తల పైకెత్తి నడవండి. కొబ్బరిచెట్లు నీళ్ల మీదికి వంగి ఉంటాయి. ఆ గట్టు నుంచి ఈ గట్టుకు కాలువ దాటే తీగలుంటాయి. రేవుల్లో స్నానాలు చేసేవాళ్లుంటారు. తీగ ఎక్కడ దాటుతోందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. డ్రోన్ ముందున్న సెన్సర్లు గోడను చూస్తాయి, సన్నటి తీగను చూడలేవు. చీకట్లో చాలావాటికి గోడ కూడా కనిపించదు. నీళ్లకు మరీ దగ్గరగా దించకండి. కదిలే నీటి మీద అడుగునున్న సెన్సర్లు ఎత్తు తప్పుగా చదువుతాయి. చేపల చెరువుల దగ్గరా ఇదే మాట.

ఇంటి దగ్గర పెళ్లయితే ఖాళీ చోటు వెతకాలి. పందిరి పక్కనుంచి ఎప్పుడూ లేపకండి. అక్కడ జనరేటర్ బండి, సౌండ్ బాక్సులు దిక్సూచిని తికమక పెడతాయి. సీరియల్ సెట్ల తీగలు చెట్టు నుంచి చెట్టుకు వేలాడుతుంటాయి. వెనక దొడ్డి, కళ్లం, కోసేసిన చేను, ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడ తాడు కట్టి ఒక మనిషిని నిలబెట్టండి. అతని పని పిల్లల్ని ఆపడమే, వేరే పని చెప్పకండి. డ్రోన్ చప్పుడు వినగానే పిల్లలు పరుగెత్తుకొస్తారు, చేతులు చాస్తారు. 2015లో మెక్సికోలోని తిహువానాలో కచేరీ చేస్తూ గాయకుడు ఎన్రికే ఇగ్లేసియాస్ ఎగిరే డ్రోన్‌ని పట్టుకోబోయి వేళ్లు కోసుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో ఇటలీలో స్కీయింగ్ పోటీ జరుగుతుంటే మార్సెల్ హిర్షర్ అనే ఆటగాడి వెనకే, వెంట్రుకవాసిలో కెమెరా డ్రోన్ కూలింది. రెండు చోట్లా పెద్ద కార్యక్రమాలే, కెమెరా పనే వృత్తిగా ఉన్నవాళ్లే. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో 2016లో పెళ్లి విందులో డ్రోన్ తగిలి గాయపడిన ఇద్దరు అతిథులు కోర్టుకెక్కారు.

ఇప్పుడు 'ఇంటికి తిరిగి రా' బటన్ సంగతి. చాలామంది దీన్నే రక్ష అనుకుంటారు. సిగ్నల్ పోయినప్పుడు డ్రోన్ ముందు మనం పెట్టిన ఎత్తుకు నిలువునా లేస్తుంది, ఆ తర్వాత తిన్నగా వెనక్కి వస్తుంది. కొబ్బరితోటలో మట్టల కింద ఉండగా సిగ్నల్ పోయిందా, నిలువునా లేచి మొవ్వులోకే దూరుతుంది. పొడుగు రకం చెట్లు 20, 25 మీటర్లు ఉంటాయి కనుక తిరిగొచ్చే ఎత్తు 40కి తక్కువ పెట్టకండి, మట్టల కిందికి అసలు పంపకండి. మరొకటి: అది 'ఇల్లు' అనుకునేది లేచిన చోటునే. దిండిలో పెళ్లికి ముందు ఫొటోల కోసం పడవ మీద నుంచి లేపారనుకోండి. పడవ జరిగిపోతుంది, ఇల్లు మాత్రం గోదాట్లోనే ఉండిపోతుంది. డ్రోన్ బుద్ధిగా వెళ్లి నీళ్లలో దిగుతుంది. గట్టు మీద నుంచే లేపండి.

చట్టం సంగతి క్లుప్తంగా. డ్రోన్ రూల్స్, 2021 ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపుంటే మైక్రో తరగతి. డబ్బు తీసుకుని దాన్ని నడపాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్, మూడో వ్యక్తికి నష్టపరిహారమిచ్చే బీమా ఉండాలి. గ్రీన్ జోన్‌లో, అంటే ప్రభుత్వ మ్యాప్‌లో పచ్చరంగు వేసిన చోట, 400 అడుగుల వరకు విడిగా అనుమతి అక్కర్లేదు. రాజమండ్రి వైపు పెళ్లయితే మధురపూడి విమానాశ్రయం నుంచి దూరం చూసుకోండి: 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే, 8 లోపు అనుమతి లేకుండా లేపకూడదు. ఈ జోన్లు చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ ప్రతి పెళ్లికీ తెరవండి. తాటిపాక రిఫైనరీ లాంటి చోట్ల చుట్టుపక్కలైతే మరీ తప్పనిసరి.

అన్నిటికన్నా కష్టమైన సాధన చివరికి ఉంచాను. తలంబ్రాల వేళ పెళ్లికూతురి బాబాయిగారు వచ్చి, "ఏవయ్యా, ఒక్కసారి వాళ్ల నెత్తి మీదికి తీసుకురా, పూలు పోసినట్టు రావాలి" అంటారు. డబ్బులిచ్చేది ఆయనే. చుట్టూ చుట్టాలు చూస్తుంటారు. అప్పటికప్పుడు మాట వెతుక్కుంటే ఒప్పేసుకుంటారు. అందుకే ముందే నోటికి పట్టించుకోండి: "బాబాయిగారూ, అది జారితే పిల్ల మీదే పడుద్దండి. దొడ్డివైపు నుంచి పందిరంతా వచ్చేలా తీసి చూపిస్తానండి. తలంబ్రాలు చేతి కెమెరాతో దగ్గరగా తీస్తామండి, మొహాల్లో నవ్వు అందులోనే బాగా పడుద్దండి." అడ్వాన్సు తీసుకునే రోజే ఈ మాట చెప్పి కాగితం మీద రాసుకుంటే మరీ మంచిది.

ఇంటిపని: మీ ఊళ్లో ఒక గట్టు, ఒక ఇంటి ముంగిలి ఎంచుకోండి. డ్రోన్ బ్యాగులోనే ఉండాలి. కాగితం మీద చెట్లు, తీగలు, జనం నిలబడే చోటు గీయండి. 15, 20, 30 మీటర్ల ఎత్తులకు, సెకనుకు 6 మీటర్ల వేగంతో పడే చోట్లు లెక్కేసి గుర్తుపెట్టండి, గాలికి పది మీటర్లు కలపండి. ఏ గుర్తైనా జనంలో పడితే దారి మార్చి మళ్లీ గీయండి. ఐదో పాఠంలో రాత్రి ముహూర్తాలు, బాణసంచా, బ్యాటరీల వేడి గురించి నేర్చుకుందాం. ఆ పాఠానికి ఈ రెండు కాగితాలూ కావాలి, దాచి ఉంచండి.