అప్పులన్నీ ఒకే వాయిదాలోకి తెచ్చుకోవాలా? ముందు ఇబ్బంది ఎక్కడుందో చూసుకోండి

భీమవరంలో నెల జీతం మీద నడిచే ఇల్లయినా, రాజోలు పక్క కౌలు చేసుకునే ఇల్లయినా అప్పు ఒక్క రకంగా ఉండదు. బ్యాంకులో పర్సనల్ లోన్, ఒకటో రెండో క్రెడిట్ కార్డులు, బంగారం మీద కొంత, డ్వాక్రా గ్రూపులో కొంత, ఊళ్లో నోటు రాసి నూటికి రెండు చొప్పున తెచ్చింది కొంత, ఎప్పుడో పాడుకున్న చీటీ తాలూకు వాయిదాలు. ఇవన్నీ ఒకేసారి మీద పడ్డాక ఎవరో ఒకరు డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ తీసుకోమంటారు. లండన్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న మేనల్లుడు చెప్తాడు, లేకపోతే ఫోన్లో ప్రకటన వస్తుంది.

ఆ దేశాల్లో ఆ ప్లాన్ ఇలా నడుస్తుంది. కౌన్సెలింగ్ సంస్థ ఒకటి మధ్యలో ఉండి, తాకట్టు లేని అప్పులన్నిటికీ కలిపి నెలకు ఒకే మొత్తం మన దగ్గర తీసుకుని అప్పులవాళ్లకి పంచుతుంది. వాళ్లు వడ్డీ తగ్గిస్తారు, కొందరు ఆపేస్తారు. అసలు మాత్రం పూర్తిగా కట్టాలి, అమెరికాలో అయితే మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. బ్రిటన్‌లో స్టెప్‌చేంజ్ లాంటి చారిటీలు ఈ పని ఉచితంగానే చేస్తాయి. మన దేశంలో ఈ పేరుతో చట్టమేదీ లేదు. వడ్డీ తగ్గించమని బ్యాంకుని ఒత్తిడి చేసే అధికారం ఏ కౌన్సిలర్‌కీ లేదు. ఇక్కడ దానికి దగ్గరగా ఉన్నవి రెండే: బ్యాంకు తనంతట తాను వాయిదాలు తిరగరాసివ్వడం, జిల్లాలో మిగతా బ్యాంకుల్ని సమన్వయం చేసే లీడ్ బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల్లో దొరికే ఉచిత సలహా. మిగతాదంతా మనమే కాగితం పట్టుకుని తిరిగి చేసుకోవాలి.

"మొత్తం ఎంతుందో ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలీదండి"

దీనికి కారణం ఒకరికొకరు చెప్పుకోకపోవడమే. ఆయన కార్డుల సంగతి ఆవిడకి తెలీదు, ఆవిడ గ్రూపులో తీసుకుని తమ్ముడికిచ్చింది ఆయనకి తెలీదు. ఇది తేలకుండా ఏ ప్లానూ మొదలుపెట్టకండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలూ మన అప్పుల చరిత్ర చూపించే పూర్తి క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. ఇద్దరి పేర్ల మీదా తీయండి. మైక్రోఫైనాన్స్ అప్పులుంటే క్రిఫ్ హై మార్క్ రిపోర్టు తప్పకుండా చూడండి. నోట్లు, చేబదుళ్లు, చీటీలు, మేత షాపు ఖాతా ఏ రిపోర్టులోనూ కనిపించవు కాబట్టి వాటిని చేత్తో రాసుకోవాలి. ఇంకెవరికైనా జామీను సంతకం పెట్టి ఉంటే అదీ రాయండి. కట్టాల్సినవాడు కట్టకపోతే అది మీ అప్పే.

"మినిమమ్ కడుతూనే ఉన్నా కార్డు బాకీ కదలట్లేదు"

ప్లాన్ బాగా పనికొచ్చేది ఇక్కడే. కార్డు మీద లక్షా ఇరవై వేలు బాకీ ఉందనుకోండి. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 4,200. దాని మీద 18 శాతం జీఎస్టీ 756. మీరు ఐదు శాతం లెక్కన ఆరు వేలు కడితే వడ్డీకి, పన్నుకి 4,956 పోయి అసలులో తగ్గేది 1,044 రూపాయలు. ఆ నెలలో పెట్రోలుకి కార్డు గీకితే అదీ పోయింది.

అదే లక్షా ఇరవై వేలు ఏడాదికి 18 శాతం మీద మూడేళ్ల లోనుగా మారిస్తే నెల వాయిదా సుమారు 4,340 అవుతుంది. ఇప్పుడు కడుతున్న మినిమమ్ కంటే తక్కువ, పైగా మూడేళ్లకి తీరిపోతుంది. అందుకని ముందు కార్డు ఇచ్చిన బ్యాంకుకే బాకీని ఈఎంఐల్లోకి మార్చమని రాయండి. కార్డు ఈఎంఐలో వడ్డీ మీద జీఎస్టీ పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, అవి కలిపి చూసుకోండి. వాళ్ల రేటు ఎక్కువనిపిస్తే జీతం పడే బ్యాంకులో పర్సనల్ లోన్ అడిగి కార్డు మూసేయండి. కార్డు అలాగే ఉంచుకుని లోను కూడా తీసుకున్నవాళ్లలో చాలామంది ఏడాది తిరిగేసరికి రెండూ కడుతుంటారు. కార్డు రద్దు చేసుకోలేనివాళ్లకి ఈ దారి చెప్పడం దండగని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. జీతం పడే ఖాతా, కార్డు బాకీ ఒకే బ్యాంకులో ఉంటే, బాకీ బాగా ముదిరాక బ్యాంకు ఆ ఖాతాలోంచి మినహాయించుకునే వీలుంది. మాట్లాడుకునే ముందు ఇది గుర్తుండాలి.

"ఈఎంఐ ఐదో తారీఖున, మాకు డబ్బులొచ్చేది పంట అమ్మాక"

గోదావరి జిల్లాల్లో అప్పు చెడిపోవడానికి నేను మొదట చెప్పే కారణం ఇదే. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలు ఏప్రిల్ ప్రాంతంలో. చెరువు వేసినవాళ్లకి రొయ్య కౌంటుకొచ్చే మూడు నాలుగు నెలలూ మేతకి, కరెంటుకి, మందులకి పెట్టడమే. కొబ్బరి తోట ఉన్నవాళ్లకి దింపు దింపుకీ ఎంతో కొంత కనిపిస్తుంది గానీ రేటు చేతిలో ఉండదు. లోన్ యాప్‌కి, పర్సనల్ లోన్‌కి ఇవేం పట్టవు, నెల తిరిగితే ఖాతాలో డబ్బుండాలి. లేకపోతే బౌన్స్ ఛార్జీ, దాని మీద పీనల్ ఛార్జీ.

ఇలాంటి ఇంటికి నెల నెలా కట్టే ప్లాన్ రాసిస్తే మూడో నెలలోనే విరిగిపోతుంది. అడగాల్సింది వేరు. వ్యవసాయ రుణమైతే వాయిదాలు పంట చేతికొచ్చే నెలలకి పెట్టమని బ్రాంచిలో అడగండి, అది మామూలుగా జరిగే పనే. పర్సనల్ లోన్‌కి అలా చేయరు. దానికి గడువు పెంచి వాయిదా తగ్గించమని మాత్రమే అడగగలం. పంట డబ్బు పడగానే ఆరు నెలల వాయిదాలు విడిగా ఒక ఖాతాలో వేసి, ఈఎంఐ ఆ ఖాతాలోంచే వెళ్లేలా మార్చుకోవాలి. నెల వాయిదా ఎంతని ఒప్పుకోవాలో మంచి ఏడాది చూసి లెక్కేయకండి. ధాన్యం తడిసిన ఏడాది, రొయ్య మధ్యలో పట్టేయాల్సొచ్చిన ఏడాది ఎంత మిగిలిందో అది తీసుకోండి.

సాగు పెట్టుబడికే పర్సనల్ లోన్లు వాడుతున్నారంటే అప్పు మొదట్లోనే దారి తప్పినట్టు. కిసాన్ క్రెడిట్ కార్డు కింద మూడు లక్షల దాకా పంట రుణం ఏడు శాతానికి దొరుకుతుంది, గడువులోపు కడితే మూడు శాతం రాయితీ పోను నాలుగే పడుతుంది. కౌలు రైతులైతే పంట సాగుదారు హక్కు పత్రం తీసుకుని అడగాలి. యజమాని సంతకం దగ్గరే ఆగిపోతున్నవాళ్లు ఎందరో ఉన్నారు, అది వేరే కథ.

2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పటిలాగా పంట పోతే, నష్టం 33 శాతం పైన ఉందని ప్రభుత్వం తేల్చిన చోట పంట రుణాల వాయిదాలు వెనక్కి జరిపే వెసులుబాటు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. బ్రాంచికి వెళ్లి అర్జీ పెట్టాలి, ఇంటికొచ్చి ఎవరూ చెప్పరు.

"ఇంటి ఖర్చు పోను ఏమీ మిగలట్లేదు"

కాగితం మీద తిండి, బడి ఫీజు, అద్దె, మందులు, గ్యాసు, ఫోను తీసేశాక మిగిలిన దాన్ని అరవైతో గుణించండి. నెలకు పది వేలు మిగిలితే ఐదేళ్లకి ఆరు లక్షలు. తాకట్టు లేని సంస్థాగత అప్పు నాలుగున్నర లక్షలుంటే, వడ్డీ తగ్గించుకోగలిగితే ప్లాన్ నిలబడుతుంది. తొమ్మిది లక్షలుంటే నిలబడదు. మిగిలేది సున్నా అయితే ఏ ప్లానూ ఏమీ చేయలేదు, ఎవరు ఎంత తియ్యగా చెప్పినా సరే.

అప్పుడు మిగిలేవి ఆస్తి అమ్మడం, బ్యాంకుతో ఒకేసారి తెగ్గొట్టుకోవడం, లోక్ అదాలత్, ఆఖరికి ఐపీ, అంటే దివాలా అర్జీ. స్థలం అమ్మేటట్టయితే అప్పులవాళ్లు కోర్టుకెళ్లక ముందే మీ ఇష్టప్రకారం అమ్ముకుంటే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలుండదు, కాబట్టి కట్టగలిగిన మొత్తానికే సంతకం పెట్టండి. మన వైపు ఊరికే అనేసే 'ఐపీ పెట్టేయడం' 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద జరిగే వ్యవహారం. పెట్టగానే అప్పు మాఫీ అయిపోదు. ఆస్తి కోర్టు పెట్టే రిసీవరు చేతికి వెళ్తుంది, విముక్తికి మళ్లీ కోర్టునే అడగాలి, జామీనుదారుకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. లాయరుతో మాట్లాడకుండా ఆ మాట ఎత్తొద్దు.

"నోట్ల మీద అప్పులు, ఎంత కట్టినా వడ్డీకే సరి"

నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. ఈ అప్పులు ఏ బ్యాంకు ప్లాన్లోకీ రావు. కానీ పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ చేసుకోవడం మన ఊళ్లకి కొత్తేం కాదు, నిజానికి ప్లాన్ చేసే పని అదే. అది నిలబడాలంటే అప్పులవాళ్లందరూ ఒకే రోజు కూర్చోవాలి. ఒకరితో చాటుగా ఎక్కువకి ఒప్పుకుంటే మిగతావాళ్లు తెల్లారేసరికి తిరగబడతారు. ఇచ్చిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు వేయించుకోండి. తేదీ, మొత్తం, సంతకం ఉండాలి. ప్రామిసరీ నోటు మీద దావాకి మూడేళ్లు గడువు, మీ చేత్తో చెల్లు రాసి సంతకం పెడితే ఆ గడువు మళ్లీ మొదలవుతుందని కూడా తెలిసుండాలి. తీరిపోయాక నోటు, దాంతో ఇచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకోకుండా లేవకండి. ఆ చెక్కు రేపు బ్యాంకులో వేస్తే అది చెక్ బౌన్స్ కేసు, నోటు గొడవ కంటే పెద్దది.

మేత షాపు బాకీ, డ్వాక్రా లేదా మైక్రోఫైనాన్స్ గ్రూపు బాకీ కూడా ఇంచుమించు ఇలాంటివే. మీరు ఆపితే షాపాయన తర్వాతి పంటకి మేత ఆపుతాడు, గ్రూపులో మీ వాయిదా పక్కింటి ఆవిడ మీద పడుతుంది. వాటిని చివర్లో తగ్గించుకోవాలి తప్ప మొదట ఆపొద్దు.

"బంగారం వేలం నోటీసు వచ్చింది"

తాకట్టు అప్పు ప్లాన్లో కలవదు. వడ్డీ కట్టి తిరగరాయించుకునే వీలుందేమో అడగండి. లేకపోతే కొన్ని వస్తువులు విడిపించి మీరే అమ్మి మిగతావి నిలబెట్టుకోండి. వేలం జరిగిపోతే బాకీ, ఖర్చులు పోను మిగిలింది మీకు ఇవ్వాలి, లెక్క రాతపూర్వకంగా అడగండి.

"సగానికి తెగ్గొడతామని కంపెనీవాళ్లు ఫోన్ చేశారు"

ఇది ప్లాన్ పేరుతో నడిచే వేరే వ్యాపారం. ఈఎంఐలు ఆపేయమంటారు, ఆ డబ్బు వాళ్లు చెప్పిన ఖాతాలో వేయమంటారు, ఫీజు ముందే పట్టుకుంటారు, బాకీ బాగా ముదిరాక బ్యాంకుతో బేరమాడతామంటారు. మీరు ఆపి 90 రోజులు దాటాక ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. చెక్కులు, ఆటో డెబిట్‌లు బౌన్సయితే రెంటికీ క్రిమినల్ కేసు పెట్టే వీలు చట్టంలో ఉంది. చివరికి సెటిలైనా రిపోర్టులో పూర్తిగా కట్టినట్టు కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది, అది ఏళ్ల తరబడి ఉంటుంది. 2023 జూన్‌లో వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రాజీ చేసుకున్నవాళ్లకి ఆ బ్యాంకు వ్యవసాయేతర అప్పు మళ్లీ ఇవ్వడానికి కనీసం ఏడాది ఆగాలి. నిజంగా కట్టలేని స్థితిలో ఉన్నవాళ్లకి సెటిల్‌మెంట్ తప్పు కాదు. అది బ్రాంచికి వెళ్లి మీరే అడగొచ్చు, మధ్యలో ఫీజు దేనికి?

"పొద్దున్నే రికవరీవాళ్ల ఫోన్లు, ఎత్తాలంటే టెన్షన్"

పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. చుట్టాలకి ఫోన్ చేసి పరువు తీయడమూ కుదరదు. కాల్ రికార్డులు దాచి ముందు ఆ బ్యాంకుకే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు. ఫోటోలు మార్చి బెదిరించే యాప్ అయితే నేరుగా సైబర్ క్రైమ్ నంబరు 1930.

"ప్లానే మంచిదని తేలింది, ఎలా అడగాలి?"

మొదటి వాయిదా తప్పకముందే వెళ్లాలి. నోటితో చెప్పి వస్తే చెప్పనట్టే లెక్క. తెలుగులో రాసినా పర్లేదు: 'నా లోను నంబరు ఇది. నెలకు 7,800 కట్టలేకపోతున్నాను, 5,000 కట్టగలను. కారణం ఇది, ఆధారాలు జతచేశాను. గడువు పెంచి వాయిదా తగ్గించగలరు.' రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. కొత్త వాయిదా కుదిరితే రీస్ట్రక్చర్ అయినట్టు, అంటే వాయిదాలు తిరగరాసినట్టు క్రెడిట్ రిపోర్టులో పడుతుంది, కొంతకాలం కొత్త లోన్లు కష్టమవుతాయి. పిల్ల పెళ్లికో చదువు లోనుకో రెండేళ్లలో బ్యాంకుకి వెళ్లాల్సి ఉంటే ఇది ముందే లెక్కలోకి తీసుకోండి.

మధ్యలో ఒక నెల కట్టలేమనిపిస్తే వాయిదా తేదీకి ముందే మళ్లీ అదే పద్ధతిలో రాసివ్వండి. అంతా తీరాక బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ పత్రం తీసుకుని, రెండు నెలలాగి రిపోర్టు చూడండి. బాకీ ఇంకా కనిపిస్తే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం అడిగే హక్కు మీకుంది.