సర్టిఫికెట్ లాగిన్ మధ్యలో ఆగిపోతోందా? రేడియస్‌తో నా అనుభవం

మా వైఫైలోకి ఎవరిని రానివ్వాలో రేడియస్ సర్వర్ చూసుకుంటుంది. పాస్‌వర్డ్‌తో వైఫై ఎక్కేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఈఏపీ-టీఎల్‌ఎస్ (పాస్‌వర్డ్ బదులు సర్టిఫికెట్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) వాడే లినక్స్ మెషిన్లు మాత్రం కాసేపు తిరిగి తిరిగి ఊరుకునేవి. లాగ్‌లో కనీసం 'రిజెక్ట్' కూడా పడేది కాదు.

షేర్డ్ సీక్రెట్ (యాక్సెస్ పాయింట్‌కూ సర్వర్‌కూ మధ్య ఉండే రహస్య పదం) మార్చాను, సర్టిఫికెట్ మళ్లీ ఇచ్చాను, గడియారాలు సరిచూశాను. అన్నీ దండగే.

చివరికి యాక్సెస్ పాయింట్ వైపు, సర్వర్ వైపు ఒకేసారి టీసీపీడంప్ (ప్యాకెట్లను పట్టి చూపే టూల్) పెట్టాను. మొదట యూడీపీ 1812 (రేడియస్ లాగిన్ పోర్ట్) అని ఫిల్టర్ పెట్టి ఒక పూట పోగొట్టుకున్నాను. ముక్కలైన ప్యాకెట్‌లో రెండో ముక్కకు పోర్ట్ నంబరే ఉండదు, ఆ ఫిల్టర్‌కు దొరకదు. ఐపీ అడ్రస్‌తో వెతికితే అసలు సంగతి బయటపడింది: క్లయింట్ సర్టిఫికెట్ మోసే ప్యాకెట్ 1500 బైట్లు దాటి రెండు ముక్కలవుతోంది, రెండోది ఫైర్‌వాల్ దగ్గర మాయం. సగం ప్యాకెట్ వస్తే సర్వర్‌కు ఏమీ రానట్టే.

లినక్స్ మెషిన్‌లో వైఫై లాగిన్ చూసుకునే డబ్ల్యూపీఏ సప్లికెంట్ సెట్టింగుల ఫైల్లో, ఆ నెట్‌వర్క్ బ్లాక్ లోపలే, ఫ్రాగ్మెంట్_సైజ్=1200 అని రాశాను, అంటే ప్యాకెట్ దారిలో విరగకుండా సర్టిఫికెట్‌ను ముందే చిన్న ముక్కలుగా పంపమని. డిఫాల్ట్ 1398 బైట్లు. సర్వీస్ రీస్టార్ట్ చేయగానే కనెక్టయింది. ఫ్రీరేడియస్ అనే రేడియస్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే పేరుతో సెట్టింగ్ ఉంది గానీ, అది సర్వర్ పంపే ముక్కలకే. ఈ గొడవకు పనికిరాదు.

మీ దగ్గరా ఇదే కారణమని చెప్పలేను. రెండో ముక్క పోతోందని డంప్‌లో కళ్లారా చూశాకే ఇది పెట్టండి. ఫైర్‌వాల్ మీ చేతిలో ఉంటే ముక్కల్ని వదలమనడమే మేలు. నా చేతిలో లేదు.