గంగజాతరను నోటుపుస్తకంలోకి ఎక్కించడం ఎలా

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర సాధారణంగా మే నెలలో జరుగుతుంది. పురాణాలకు లొంగని పాత నమ్మకాలను దగ్గరగా చూసి రాసుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి చోటు ఆ ప్రాంతంలో నాకు కనబడలేదు. అయితే చాలామంది జాతర చివరిరోజున వెళ్లి, జనాన్ని ఫోటోలు తీసుకుని, ఎవరో చెప్పిన కథ ఒకటి రాసుకుని వచ్చేస్తారు. అలా చేస్తే చేతికి చిక్కేది కథ మాత్రమే, ఆచారం కాదు.

మొదట చేయవలసింది, జాతర మొదలవుతోందని ఊరికి చెప్పే చాటింపు నాటికి ఊళ్లో ఉండడం. మంగళవారం రాత్రి చాటింపు వేసిన తరువాత ఊరివాళ్లు పొలిమేర దాటి వెళ్లి రాత్రి బయట ఉండకూడదన్నది పాత కట్టుబాటు. ఇప్పుడు దాన్ని ఎవరు పాటిస్తున్నారు, ఎవరు మానుకున్నారు, మానుకున్నవారు ఏమని సమాధానం చెప్పుకుంటున్నారు అన్నది మీ మొదటి పుటలో ఉండాలి. చాటింపుకు ముందు అవిలాల నుంచి కైకాల కులస్థులు తెచ్చే పసుపు కుంకుమల సారెనూ చూడండి. గంగమ్మను పసిబిడ్డగా పెంచింది ఆ కులంలోని ఒక కుటుంబమేనని నమ్మకం కాబట్టి, ఆ సారె పుట్టింటిది.

నోటుపుస్తకంలో పుటను మూడు గడులుగా గీయండి: చూసింది, విన్నది, చదివింది. ఈ మూడింటినీ కలిపేయడమే ఈ పనిలో అతి పెద్ద తప్పు. ఆలయం దగ్గర ఒకరు గంగమ్మ పార్వతి అంశ అని చెబితే అది రెండో గడిలో ఉండాలి. దాన్ని మొదటి గడిలోకి జార్చారంటే, మీరు చూడనిదాన్ని చూసినట్టు రాసినట్లే.

తరువాత, భక్తులు రోజుకొకటిగా వేసే వేషాలు. బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి (ఊరి పనివాడి) వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి వేషం, సోమవారం సున్నపు కుండలు, మంగళవారం జాతర. కథ తెలిసిందే: ఆడపిల్లల మానం చెరిచే పాళెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, ఆమె రోజుకొక వేషంలో వెతికి, దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి చంపింది. కథను ముందే పట్టుకుని కూర్చుంటే మాత్రం వేషాలన్నీ దానికి బొమ్మల్లా కనిపిస్తాయి. పాళెగాడు శనివారమే చనిపోయినా, సోమవారం చిల్లులు పెట్టి సున్నం పూసిన కుండలు ఎందుకు నెత్తికెక్కుతాయి? కథ ముగిశాక కూడా ఆచారం ముందుకు పోతుంటే, కథకన్నా ఆచారమే పాతదేమోనని అనుమానించడం నా మటుకు నాకు న్యాయంగానే తోస్తుంది.

అందుకే ప్రతిరోజూ ఒంటికి ఏమి పూస్తున్నారో రాయండి. బైరాగికి తెల్లసుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గుపొడి, దొరకు గంధం. ఎవరు నూరారు, ఎవరు పూశారు, మొదటి పూత ఏ చేతితో ఎక్కడ మొదలైంది, చేతిలో వేపరెమ్మ ఎవరు పెట్టారు అన్నవి చిన్న విషయాలుగా కనిపించినా వదలకండి. మగవాళ్లు చీర కట్టి, కాటుక పెట్టి వచ్చినప్పుడు కూడా నవ్వులాటగా కాక, చీర ఎవరిది, ఏ మొక్కుబడికి కట్టారు అని రాయండి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు, మనవడికి బొగ్గుపొడి పూస్తున్న ఒక అవ్వను “ఎందుకవ్వా ఇది?” అని అడిగాను. “ఎందుకంటే ఏం చెప్పేది నాయనా, మాయత్త ఇట్లే పూసింది, నేనూ ఇట్లే పూస్తుండా” అంది. పూట తిరక్కుండానే నా ప్రశ్నే తప్పని తెలిసింది. “మీ అత్త పూసేటప్పుడు ఇంకేమేం చేసేది?” అని అడిగేసరికి అరగంటసేపు చెప్పింది. ఎందుకని అడిగితే జనం మనకు నచ్చే జవాబు వెతుకుతారు. ఎలా అని అడిగితే జ్ఞాపకం మాట్లాడుతుంది.

బండ వేషం నాడు భక్తులు అమ్మవారిని బూతులు తిడతారు. విన్నది విన్నట్టు రాయండి, చుక్కలు పెట్టి మర్యాద చేయకండి. తిట్టినవారి పేరు మాత్రం రాయవద్దు, ఒప్పుకోకుండా గొంతు రికార్డు చేయవద్దు. పసిపిల్లల వేషాలను పెద్దలు సరేనన్నాకే ఫోటో తీయండి.

జాతర రాత్రి గడిచి తెల్లవారేసరికి, ఆలయం ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపానికి చెంప నరుకుతారు. అప్పుడు జనం ఆ మట్టికోసం ఒక్కసారిగా ఎగబడతారు, కాబట్టి ముందు వరుసలో నిలబడే సాహసం చేయకండి. పక్కగా నిలిచి, మట్టి దక్కినవారి వెంట నడవండి. వాళ్లు రానిస్తే ఇంటిదాకా వెళ్లి, ఆ పెళ్లను ఏ గుడ్డలో కట్టారో, ఎక్కడ దాచారో, ఎవరికి జబ్బు చేసినప్పుడు తీస్తారో రాసుకోండి. పోయినేటి మట్టి ఇంకా ఉంటే దాన్ని ఏం చేశారని తప్పక అడగండి.