పాయిన్‌సెట్టియా ఎర్రబడటం లేదా? రాత్రిపూట వెళ్లి చూడండి

సమస్య: పోయిన క్రిస్మస్‌కి కడియం నర్సరీలో కొన్నప్పుడు ఎర్రగా ఉన్న మొక్క, ఈ డిసెంబరుకి ఏపుగా పెరిగింది. తెగులేమీ లేదు. కానీ ఒక్క ఆకూ రంగు మారలేదు.

ఎరువు వేసేముందు ఒక సంగతి వినండి. ఇందులో ఎర్రగా కనిపించేవి పూలు కావు, ఆకులే. అసలు పూలు వాటి నడుమ పసుపు గింజల్లా ఉంటాయి. పూమొగ్గ కట్టడం మొదలైతేనే కొస ఆకులు ఎర్రబడతాయి. మొగ్గ కట్టాలంటే రోజూ 12 గంటలకు మించి ఏకధాటిగా చీకటి కావాలి. సెప్టెంబరు ఆఖరు నుంచి మన గోదావరి జిల్లాల్లో రాత్రులు పొడుగవుతాయి కాబట్టి, ఆరుబయట మొక్క డిసెంబరుకి దానంతటదే ఎర్రబడాలి. కాలేదంటే చీకటికి ఏదో అడ్డొస్తోంది.

ఎవర్ని అడిగినా "మా పెరట్లో లైటేం లేదండీ" అంటారు. పగలు చూసి చెప్పే మాట అది. రాత్రి తొమ్మిదింటికి మొక్క పక్కన నిలబడండి. పంచాయతీ ఎల్ఈడీ స్తంభం, పక్కింటి వరండా బల్బు, రొయ్యల చెరువు గట్టు మీద తెల్లవార్లూ వెలిగే లైటు, నవంబరులో గుమ్మానికి కట్టిన క్రిస్మస్ స్టారు. వీటిలో ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. పేపర్లో అక్షరాలు కనబడేంత వెలుతురుంటే మొక్కకు అది చాలా ఎక్కువ. నడిరాత్రి కాసేపు లైటు వేసి తీసేసినా ఆ రాత్రి చెడినట్టే. లైటు వైపు కొమ్మలు పచ్చగా, అవతలి వైపు కొమ్మలు ఎర్రగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

"గుడి దగ్గర బాదం చెట్టు లైటు కిందే ఎర్రబడింది కదా" అంటారు. అది రాలబోయే ముదురాకు ఎరుపు, ఇది మొగ్గతో వచ్చే ఎరుపు. రెండూ వేరు.

పరిష్కారం: కుండీ అయితే సెప్టెంబరు ఆఖర్లోనే లైటు పడని చోటికి మార్చండి. పగలు మాత్రం ఎండ తగలాలి. నేలలో ఉంటే చుట్టూ కర్రలు పాతి, సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా నల్లగుడ్డ రెండు పొరలు కప్పండి. దాదాపు రెండు నెలలు ఒక్క రాత్రి కూడా మానకూడదు. ఎరుపు పూర్తిగా వచ్చాక లైటు పడినా ఫరవాలేదు. ఇప్పుడు డిసెంబరులో మొదలుపెట్టినా ఫిబ్రవరికి రంగు చూడొచ్చు.

ఆకులు పసుపెక్కి రాలుతుంటే అది రంగు కాదు. బంకమట్టిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతోంది, ఎత్తుగా మట్టి పోసి నాటండి. యూరియా ఎక్కువై రంగు రాకపోవడం అరుదు. కత్తిరింపు సెప్టెంబరు మొదటి వారంతో ఆపేయాలి. పాలు కారతాయి, ఒంటికి తగిలితే దురద, చేతికి గ్లౌజులు వేసుకోండి.