చెక్క అతుకుల్లో సందులు పూడ్చడానికి, అదే చెక్క పొట్టు

సంక్రాంతికి అక్క వాళ్ళ బొమ్మల కొలువు కోసం మిగిలిపోయిన టేకు ముక్కలతో చిన్న మెట్ల స్టాండు చేస్తున్నాను. ఎంత జాగ్రత్తగా కోసినా మూలల్లో సన్నటి సందులు పడ్డాయి. షాపులో దొరికే పుట్టీ పెట్టి చూస్తే రంగు తేడా కొట్టింది, అతుకు ఇంకా ఎత్తి చూపినట్టయింది.

అదే చెక్క ముక్కని 120 నంబరు శాండ్ పేపర్‌తో రుద్ది పొట్టు పోగు చేసుకోండి. రంపం పొట్టు వద్దు, ముతకగా ఉంటుంది. రెండు చెంచాల పొట్టుకి ఒక చెంచా ఫెవికాల్ కలిపితే చపాతీ పిండిలా వస్తుంది, జారుగా ఉంటే ఇంకాస్త పొట్టు వేయండి. పాత ఏటీఎం కార్డుతో సందులోకి గట్టిగా నొక్కాలి. ఆరాక కుంగుతుంది కాబట్టి కొంచెం ఉబ్బెత్తుగానే వదిలేయండి. చుట్టూ అంటిన జిగురుని మాత్రం వెంటనే తడి గుడ్డతో తుడవాలి. ఇది మర్చిపోతే తర్వాత పాలిష్ పట్టక తెల్లటి మచ్చలు తేలతాయి, నాకు ఒక మెట్టు అలాగే పోయింది. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే 180 నంబరు పేపర్‌తో చెక్క గీతల వెంబడే రుద్దితే చాలు.

రెండు మూడు మిల్లీమీటర్లు దాటిన సందుకి ఇది పనికిరాదు, ఆరాక పగులుతుంది. అక్కడ సన్నటి చెక్క పేడు దూర్చి అతికించడమే నయం. నీళ్ళు తగిలే గరిటెలకీ, కూరగాయలు తరిగే పలకలకీ అసలు వాడొద్దు. మామూలు ఫెవికాల్ తడికి మెత్తబడిపోతుంది.