ఛాతీ ఎక్స్‌రేలో ఒక మచ్చ దొరికాక ఆగిపోకండి

ఒక మచ్చ కనబడగానే పని అయిపోయినట్టు మెదడు సడలిపోతుంది. రెండోది కళ్లెదుటే ఉన్నా జారిపోతుంది. 2013లో వెలువడిన ఒక ప్రయోగంలో ఊపిరితిత్తుల సీటీలో గొరిల్లా బొమ్మ పెడితే 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మంది గమనించలేదు. గమనించనివాళ్లలో సగానికి పైగా మంది చూపు నేరుగా దానిమీదే పడింది కూడా!

అందుకే దొరికిన మచ్చను రాసిపెట్టి, మళ్లీ మొదటినుంచి చూడండి: కాలర్ ఎముకల వెనుక ఊపిరితిత్తుల కొనలు, గుండె నీడ వెనుక, డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) కింద, పక్కటెముకలు. ఎముకల, గుండె నీడలు మచ్చ అంచును మింగేస్తాయి కాబట్టి ఇక్కడ మచ్చలు తరచూ తప్పిపోతాయి. గుండె వెనుక భాగాన్ని బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మార్చి చూడాలి. కిటికీ వెలుతురు తెరమీద పడుతుంటే పరదా వేయండి. ఆ మెరుపులో లేత బూడిదరంగు తేడాలు కంటికి ఆనవు. పాత ఎక్స్‌రే ఉంటే పక్కన పెట్టి పోల్చండి.